ట్రంప్ సంగతి సరే, మన గ్రామసభ మాటేమిటి?

2025 సెప్టెంబరు 19, శుక్రవారం. అమెరికా అధ్యక్షుడు డొనాల్డ్ ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టారు. హెచ్-1బీ వీసా మీద కొత్తగా మనిషిని తెచ్చుకునే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి, ఆదివారం నుంచే అమలు అన్నారు. ఇప్పటికే వీసా ఉన్నవారికి ఇది వర్తించదని వైట్‌హౌస్ శనివారం గానీ వివరణ ఇవ్వలేదు. ఈలోపు సెలవు మీద ఊళ్లకు వచ్చిన పిల్లలు పెట్టెలు సర్దుకుని విమానాశ్రయాలకు పరుగులు తీశారు. టెక్సాస్‌లో ఉన్న నాకు మా కర్నూలు జిల్లా ఓర్వకల్లు మండలం నుంచి ఫోన్ల మీద ఫోన్లు. నన్నూరు నుంచి ఒక తండ్రి అడిగాడు: “ఏమప్పా, మా పిల్లోడు ఎనక్కి రావల్సిందేనా? సదువుకు తెచ్చిన అప్పు ఇంగా సగం కూడా తీరలేదే!”

వాషింగ్టన్‌లో సంతకం పడితే నన్నూరులో ముద్ద దిగని రోజులివి. అందుకే మన ఊళ్లలో అమెరికా రాజకీయం ఇంటి సంగతైపోయింది. ఊరికి వచ్చినప్పుడల్లా నన్ను అడిగేవి అవే ప్రశ్నలు. ట్రంప్ ఇంకా ఏం చేస్తాడు? ఉపాధ్యక్షుడు జేడీ వాన్స్ భార్య ఉష మన చిలుకూరి వారి ఆడబిడ్డే కదా, మనవాళ్ల గురించి ఒక మాట చెప్పదా? 2024 నవంబరులో వాన్స్ గెలుపు వార్త రాగానే ఆమె పూర్వీకుల ఊరు, తణుకు దగ్గరి వడ్లూరులో సంబరాలు చేసుకున్నారు. ఆ అభిమానాన్ని నేను తప్పుపట్టను. మన ఇంటి పేరు అంత పెద్ద గుమ్మం దాటి లోపలికి వెళితే ఎవరికైనా ముచ్చటేస్తుంది. కానీ ఆమె ఎన్నికైన మనిషి కాదు. మేరీలాండ్ లెఫ్టినెంట్ గవర్నర్‌గా ఎన్నికై 2023 జనవరిలో ప్రమాణం చేసిన, హైదరాబాద్‌లో పుట్టిన అరుణా మిల్లర్ జవాబు చెప్పుకోవాల్సింది మేరీలాండ్ ఓటర్లకు. వాళ్ల వల్ల మన వీసాలు కదలవు. తెలుగువారి భవిష్యత్తును అమెరికాలో తెలుగు పేరున్న పెద్దలు కాపాడతారన్న ఆశ వదులుకుంటేనే అసలు విషయం కనిపిస్తుంది.

అమెరికా నుంచి మనం నేర్చుకోవాల్సింది వైట్‌హౌస్‌లో లేదు. అక్కడి రాజకీయంలో పై అంతస్తు చెడిపోతోంది, కింది అంతస్తు ఇంకా నిలబడి ఉంది. మనం పొద్దున లేచింది మొదలు పై అంతస్తునే చూస్తున్నాం. మన కింది అంతస్తు తలుపు మాత్రం తెరవడం లేదు.

పై అంతస్తు సంగతి ముందు చెబుతాను. రాయలసీమలో పుట్టినవాడికి నేటి అమెరికా రాజకీయం ఎప్పుడో చూసిందే. నా చిన్నతనంలో మా చుట్టుపక్కల ఊళ్లలో రెండేసి వర్గాలు. ఏ టీకొట్టులో కూర్చుంటావు, పెళ్లికి ఎవరిని ముందు పిలిచావు, ఎవరి బోరు నీళ్లు నీ చేలోకి పారుతున్నాయి, వీటితోనే నువ్వెవరి మనిషివో తేలిపోయేది. ఏ వర్గమూ వద్దనుకున్నవాడికి ఊళ్లో బతుకే కష్టం. ఇప్పుడు అమెరికాలో ఏ టీవీ ఛానెల్ చూస్తావన్నదే ఆనవాలు. థాంక్స్‌గివింగ్ భోజనానికి అన్నదమ్ములు కలుసుకోవడం మానేసిన ఇళ్లు నాకు తెలుసు. మా తెలుగు వాట్సాప్ గ్రూపులు కూడా రెండుగా చీలాయి. ఒకప్పుడు సంక్రాంతికి కలిసి ముగ్గులేసిన కుటుంబాలే ఇవి.

2021 జనవరి 6న ఓడిపోయిన అధ్యక్షుడి అనుచరులు అక్కడి పార్లమెంటు భవనం మీద పడ్డారు. ఆ అధ్యక్షుడే 2025 జనవరి 20న మళ్లీ గద్దెనెక్కి, అదే రోజు ఆ కేసుల్లోని దాదాపు 1,500 మందికి క్షమాభిక్ష పెట్టారు. ఈ వార్త చదివినప్పుడు నాకు మన జిల్లాలే గుర్తొచ్చాయి. తన వర్గం అధికారంలోకి రాగానే తన మనుషుల మీది కేసులు ఎత్తేయించుకోవడం, ఎదుటివాళ్ల మీద కొత్త కేసులు పెట్టించడం మనకు తెలియని విద్య కాదు. దాని ఫలితం కూడా మనకు తెలుసు. నాయకులు నాయకులు ఒకనాటికి వియ్యమందుకుంటారు. చచ్చింది అనుచరులు, తాళి తెగింది వాళ్ల భార్యలకు. ఫ్యాక్షన్ కాలంలో కర్నూలు, కడప పల్లెల్లో ఎన్ని ఇళ్లకు తాళాలు పడ్డాయో చూసినవాడిగా చెబుతున్నాను: చట్టం నా మనిషికొకటి, పరాయివాడికొకటి అనుకోవడం మొదలైన చోట ఏ రాజ్యాంగమూ ఎక్కువ కాలం కాపాడలేదు. అమెరికా ఆ దారిలో చాలా దూరం వచ్చేసింది. అది నాకు బెంగగా ఉంది. అక్కడే నా పిల్లలు పెరుగుతున్నారు.

మనవాళ్లు ఆ ద్వేషాన్ని ఒంటి మీద మోశారు కూడా. 2017 ఫిబ్రవరి 22న కాన్సస్ రాష్ట్రం ఒలేతాలో, పని ముగించుకుని వచ్చి బార్‌లో కూర్చున్న ఒక తెలుగు ఇంజనీరును, మా దేశం విడిచి పొమ్మంటూ కాల్చి చంపారు. అయితే అదే బార్‌లో ఆ హంతకుడిని పట్టుకోబోయిన తెల్ల యువకుడికీ తూటా తగిలింది. హ్యూస్టన్‌లోని భారతీయులు ఆ యువకుడు ఇల్లు కొనుక్కోవడానికి లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. అమెరికా గురించి మాట్లాడేటప్పుడు ఈ రెండు సంగతులూ కలిపే చెప్పాలి.

ఇక కింది అంతస్తు. అధ్యక్ష ఎన్నికలో టెక్సాస్ 1976 తర్వాత డెమొక్రటిక్ అభ్యర్థిని గెలిపించలేదు. ఆ ఎన్నికలో ప్రజల ఓట్ల మొత్తం కన్నా రాష్ట్రాలవారీ లెక్కే ముఖ్యం. 2016లో హిలరీ క్లింటన్‌కు దేశం మొత్తమ్మీద దాదాపు 29 లక్షల ఓట్లు ఎక్కువ వచ్చినా ఓడిపోయింది ఆమే. కాబట్టి నవంబరులో నా ఓటు ఎటు వేసినా ఫలితం మారదు. మే నెలలో స్కూల్ బోర్డుకు, నగర కౌన్సిల్‌కు ఎన్నికలు జరుగుతాయి. అక్కడ ఒక్కోసారి కొన్ని వందల ఓట్లతో గెలుపోటములు తేలతాయి. నా ఓటుకు విలువ ఉన్నది అక్కడ. ఈ సంగతి నాకు పౌరసత్వం వచ్చిన చాలా ఏళ్లకు గానీ ఎక్కలేదు. నా తోటి తెలుగువాళ్లలో చాలామందికి ఇప్పటికీ ఎక్కలేదు.

అమెరికాలో స్థానిక ప్రభుత్వాలు దాదాపు 90 వేలు. అందులో స్కూలు జిల్లాలే దాదాపు 13 వేలు. మన ఆంధ్రప్రదేశ్‌లో గ్రామ పంచాయతీలు 13,326. అంత పెద్ద దేశంలోని స్కూలు జిల్లాలూ మన ఒక్క రాష్ట్రంలోని పంచాయతీలూ అటూఇటుగా సమానం అన్నమాట. అంటే నిర్మాణం మన దగ్గర లేక కాదు.

ఏటా నాకు వచ్చే ఇంటి పన్ను కాగితం ఒకటుంది. అమెరికా ప్రజాస్వామ్యాన్ని అర్థం చేసుకోవడానికి ఆ ఒక్క కాగితం చాలు. మొత్తం ఎంత కట్టాలో ఒక్క అంకెలో వేసి ఊరుకోరు. వరసగా పేర్లుంటాయి: స్కూలు జిల్లా, నగరం, కౌంటీ, కమ్యూనిటీ కాలేజీ. ప్రతి పేరు ఎదుట వంద డాలర్ల ఇంటి విలువకు ఎంత రేటు, నా వాటా ఎంత అని విడివిడిగా రాస్తారు. అన్నిటికన్నా పెద్ద వాటా స్కూలుదే. ఇంటి విలువ ఎక్కువ కట్టారనిపిస్తే సాధారణంగా మే 15లోపు అభ్యంతరం చెప్పొచ్చు, మామూలు పౌరులతో కూడిన బోర్డు ముందు కూర్చుని వాదించొచ్చు. ఈ వాదనలో మన తెలుగువాళ్లను మించినవాళ్లు లేరు. పక్కింటి అమ్మకం ధర, కప్పు మీద వడగళ్ల దెబ్బలు, అన్నిటికీ ఫోటోలతో సహా సిద్ధంగా వెళతారు. కానీ ఆ పన్ను డబ్బు ఎలా ఖర్చుపెట్టాలో తేల్చే బడ్జెట్ సమావేశానికి వెళ్లేవాళ్లు ఎంతమంది?

ఆ సమావేశం ఎలా ఉంటుందో చెప్పాలి. స్కూల్ బోర్డుకు ఎన్నికైనవాళ్లకు జీతం లేదు. ఒకరు దంతవైద్యుడు, ఒకరు ఇళ్లు అమ్మిపెట్టే ఆమె, ఒకరు రిటైరైన టీచరు. ఏ విషయాలు మాట్లాడబోతున్నారో మూడు పనిదినాల ముందే జాబితా బయటపెట్టాలి. జాబితాలో లేని అంశం మీద నిర్ణయం చేయడానికి లేదు. ఆ అంశాల మీద జనం మాట్లాడే హక్కును 2019లో టెక్సాస్ చట్టంలోనే రాశారు. పేరు రాసి ఇస్తే మైకు ముందుకు పిలుస్తారు. మూడు నిమిషాలు. ఎదురుగా గడియారం అంకెలు తగ్గుతూ ఉంటాయి. మాట్లాడటానికి ఓటు ఉండాలన్న నియమం లేదు. వీసా మీద ఉన్న తల్లి కూడా మాట్లాడొచ్చు. అలా ఒక తెలుగు తల్లి మాట్లాడటం నేను చూశాను. స్కూలు బస్సు ఆగే చోట కాలిబాట లేదు, ఆరేళ్ల పిల్లలు కార్ల మధ్య నిలబడుతున్నారు అని చెప్పింది. చేతిలో కాగితం వణుకుతోంది. ఇంగ్లీషు తడబడింది. బోర్డులో ఎవరూ నవ్వలేదు, మధ్యలో ఆపలేదు. ఆమె పేరు, ఆమె చెప్పిన మాట మినిట్స్‌లోకి ఎక్కాయి. తర్వాతి నెల జాబితాలో ఆ బస్‌స్టాప్ ఒక అంశమైంది.

అక్కడ అంతా బాగుందని నా అర్థం కాదు. మే నెల ఎన్నికల్లో పది శాతం పోలింగ్ దాటితే గొప్ప. ఆరోగ్య బీమా ఉండి కూడా ఆసుపత్రి నుంచి నెలల తర్వాత వచ్చే బిల్లుకు జనం వణికిపోతారు. తుపాకీ పట్టుకుని ఎవరైనా వస్తే బల్లల కింద చప్పుడు చేయకుండా ఎలా దాక్కోవాలో ఒకటో తరగతి పిల్లలకు నేర్పుతారు. నా కూతురు ఇంటికొచ్చి ఆ అభ్యాసం గురించి మామూలు పాఠం చెప్పినట్టు చెప్పిన రోజు నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఏ స్కూల్ బోర్డూ ఈ తుపాకుల జబ్బును నయం చేయలేదు. పైగా 2021 నుంచి పార్టీల డబ్బు, పార్టీల పగ స్కూల్ బోర్డుల్లోకీ దిగుతున్నాయి. ఏ పుస్తకం గ్రంథాలయంలో ఉండాలి, చరిత్ర పాఠం ఎలా చెప్పాలి అన్న దగ్గర పక్కపక్క ఇళ్లవాళ్లు అరుచుకుంటున్నారు. పై అంతస్తు చెద కిందికి పాకుతోంది. అయినా మైకు ఉంది, గడియారం ఉంది, మినిట్స్ ఉన్నాయి. అరిచినా ఆ మూడు నిమిషాల్లోనే అరవాలి.

ఇంకో సంగతి. న్యూయార్క్ రాష్ట్రానికి రాజధాని న్యూయార్క్ నగరం కాదు, ఆల్బనీ. కాలిఫోర్నియాకు లాస్ ఏంజెలెస్ కాదు, శాక్రమెంటో. 1953 నుంచి 1956 దాకా రాజధానిగా ఉండి, ఆ తర్వాత అన్నీ పోగొట్టుకున్న కర్నూలువాడికి ఇది కంటికి తగలకుండా ఉండదు. కాకపోతే అక్కడ రాజధాని ఎక్కడున్నా స్కూలు, రోడ్డు, చెత్త, నీళ్లు ఇవన్నీ ఊరి చేతిలోనే ఉంటాయి. మన దగ్గర రాజధాని దూరమైతే అన్నీ దూరమే. కర్నూలులో హైకోర్టు బెంచి కోసం మనం చేస్తున్న పోరాటం న్యాయమైనదే. ఆ పోరాటంలో చూపిన పట్టుదల పంచాయతీ అధికారాల కోసం ఏనాడైనా చూపామా?

లెక్కలు తిరగేసి చూడండి. 2021 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో పంచాయతీ ఎన్నికలు జరిగితే పోలింగ్ 80 శాతం దాటింది. 2024 శాసనసభ ఎన్నికలప్పుడూ అంతే. అమెరికావాళ్లు అధ్యక్ష ఎన్నికలో కూడా అందుకోలేని అంకె ఇది. ఓటేయడంలో మనవాళ్లకు సాటి లేరు. మండుటెండలో గంటల తరబడి నిలబడతారు, ముసలమ్మలను మంచాల మీద మోసుకొస్తారు. ఓటేసిన మర్నాటి నుంచి ఏమవుతుంది? 1993 ఏప్రిల్ 24న అమల్లోకి వచ్చిన 73వ రాజ్యాంగ సవరణ గ్రామసభకు రాజ్యాంగంలో చోటిచ్చింది. మన రాష్ట్రం 1994లో పంచాయతీరాజ్ చట్టం చేసింది. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి మనిషీ గ్రామసభ సభ్యుడే. అయినా చాలా ఊళ్లలో గ్రామసభ అంటే రచ్చబండ దగ్గర పావుగంట, ఒక రిజిస్టరు, కొన్ని సంతకాలు, వేలిముద్రలు. సభ ఎప్పుడో సగం ఊరికి తెలియదు. తెలిసి వెళ్లినా అడిగితే ‘వీడు ఆ పార్టీవాడు’ అన్న ముద్ర పడుతుందని నోరు మెదపరు.

పంచాయతీ ఎన్నికలు పార్టీల గుర్తులు లేకుండా జరగాలని మన చట్టం. అమెరికాలోనూ చాలా స్కూల్ బోర్డులకు అదే నియమం. కానీ మన దగ్గర పంచాయతీ భవనాలకు అధికార పార్టీ రంగులు వేస్తే వాటిని తీయించడానికి 2020లో హైకోర్టు, సుప్రీంకోర్టు దాకా వెళ్లాల్సి వచ్చింది. ఆర్థిక సంఘం నిధులను కరెంటు బకాయిల కింద మళ్లించారని సర్పంచులు పార్టీ తేడా లేకుండా రోడ్డెక్కారు. తర్వాతి ప్రభుత్వం 2024 ఆగస్టు 23న ఒకే రోజు 13,326 పంచాయతీల్లో గ్రామసభలు జరిపింది. మంచిదే. అయితే ఒకే రోజు అన్ని ఊళ్లలో సభ పెట్టడం ప్రభుత్వం చేయగలిగిన పని. ఆ తర్వాతి నెల, దాని తర్వాతి నెల సభ జరిగేలా చూడటం ఊరు చేసుకోవాల్సిన పని.

ఓర్వకల్లుకు ఇది చేతకాని పని అంటే నేను ఒప్పుకోను. ఈ మండలం మహిళలు ముప్పై ఏళ్ల కిందటే దారి చూపారు. 1995లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం దక్షిణాసియా పేదరిక నిర్మూలన పథకం మొదలుపెట్టింది. ఆంధ్రప్రదేశ్‌లో కర్నూలు, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో కొన్ని మండలాలను ఎంచుకుంటే అందులో ఓర్వకల్లు ఒకటి. ఓర్వకల్లు మండల పొదుపులక్ష్మి ఐక్య సంఘం అలా పుట్టి పెరిగింది. విజయభారతి గారి నాయకత్వంలో ఈ సంఘాలు బాలభారతి పేరుతో సొంత బడి కూడా నడుపుకుంటున్నాయి. ఇక్కడి అనుభవమే తర్వాత రాష్ట్రమంతటా వెలుగు పథకానికి, అక్కడి నుంచి దేశమంతటా స్వయం సహాయక సంఘాల కార్యక్రమానికి పునాదుల్లో ఒకటైంది.

ఒకసారి అలాంటి ఒక సంఘం సమావేశంలో గోడకానుకుని కూర్చున్నాను. ఆడవాళ్లంతా గుండ్రంగా కింద కూర్చున్నారు. మధ్యలో పుస్తకాలు. ఎవరు పొదుపు కట్టారు, ఎవరు కంతు బాకీ పడ్డారు, పైకి చదివారు. ఒక ఆమె వంతు వచ్చినా అప్పు వదులుకుని, ఆసుపత్రి ఖర్చున్న ఇంకొకామెకు ఇప్పించమంది. ఇంకో వయసు మళ్లిన అవ్వ లేచి, “పోయినసారి తీర్మానంలో రాసింది చదవండమ్మా, ఆ పని అయిందా లేదా?” అని నిలదీసింది. చదివారు. పని కాలేదు. ఎందుకు కాలేదో లెక్క చెప్పాల్సిన మనిషి చెప్పింది. టెక్సాస్ స్కూల్ బోర్డు గదిలో నేను చూసిన పద్ధతి ఇదే. ఏసీ లేదు, మైకు లేదు, అంతే తేడా. పైగా అక్కడ పదిమంది కూడా రాని సమావేశాలున్నాయి, ఇక్కడ రాకపోతే జరిమానా.

ఫ్యాక్షన్ తగ్గడానికి పోలీసులు కారణమంటారు, చదువులంటారు, వలసలంటారు. నా లెక్కలో ఈ గుండ్రటి సమావేశాలకు పెద్ద పాలే ఉంది. రెండు వర్గాల ఇళ్ల కోడళ్లు ఒకే సంఘంలో పక్కపక్కన కూర్చుని ఒకరి అప్పుకు ఒకరు పూచీ పడ్డాక, పగలు పెంచుకోవడం మగవాళ్లకు కష్టమైంది. మరి ఈ ఆడవాళ్లు సంఘంలో అడిగినట్టు గ్రామసభలో ఎందుకు అడగలేకపోతున్నారు? సంఘం డబ్బు తమదని వాళ్లకు తెలుసు. పంచాయతీ డబ్బు కూడా తమదేనని ఎవరూ లెక్క చూపించి చెప్పలేదు. నాకు వచ్చే పన్ను కాగితంలాంటిది ఊళ్లో ప్రతి ఇంటికీ ఏడాదికోసారి చేరాలి: మన పంచాయతీకి ఇంత వచ్చింది, ఇక్కడి నుంచి వచ్చింది, దేనికి ఇంత ఖర్చయింది. ఒక్క పేజీ చాలు. గ్రామ సచివాలయంలో కంప్యూటరు ఉంది, ప్రింటరు ఉంది, ఉద్యోగులు ఉన్నారు.

ఇప్పుడు ఈ పని వాయిదా వేయడానికి లేదు. ఓర్వకల్లు ఇక పాత ఓర్వకల్లు కాదు. 2021 మార్చిలో విమానాశ్రయం మొదలైంది, ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పేరు పెట్టుకున్నాం. గని, శకునాల భూముల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. 2024 ఆగస్టు 28న కేంద్ర మంత్రివర్గం హైదరాబాద్-బెంగళూరు కారిడార్‌లో ఓర్వకల్లు పారిశ్రామిక కేంద్రానికి ఆమోదం తెలిపింది. 2,621 ఎకరాలు, రూ.2,786 కోట్లు. కడప దగ్గర కొప్పర్తికి అదే రోజు 2,596 ఎకరాలు, రూ.2,137 కోట్లు. 2025 అక్టోబరు 16న ప్రధాని కర్నూలు సభలో ఈ కేంద్రాలకు శంకుస్థాపన చేశారు. ఓర్వకల్లులో 45 వేల ఉద్యోగాలు వస్తాయని చెబుతున్నారు. రావాలి. మన పిల్లలు డాలస్‌కో, బెంగళూరుకో పోకుండా ఇంటి దగ్గరే సంపాదించుకునే రోజు రావాలని కోరుకోని తల్లిదండ్రులు ఈ మండలంలో ఉండరు.

కానీ ఎవరికి ఏ ఉద్యోగాలు? కాపలా, ఊడ్చే పనులు మనవాళ్లకు, మిగతావి బయటివాళ్లకా? ఫ్యాక్టరీకి వెళ్లే నీళ్లు ఎక్కడివి, మన తాగునీటికి కోత పడుతుందా? భూమి పోయిన రైతు కొడుక్కి ఏ శిక్షణ ఇస్తారు, ఎక్కడ, ఎప్పటి నుంచి? ఈ ప్రశ్నలు అడగాల్సిన చోటు గ్రామసభ. టెక్సాస్‌లో 313వ అధ్యాయం అని ఒక చట్టం ఉండేది. పెద్ద ఫ్యాక్టరీకి స్కూలు పన్నులో రాయితీ కావాలంటే ఆ ఊరి స్కూల్ బోర్డు బహిరంగ సమావేశంలో ఓటేసి ఒప్పుకోవాలి. కంపెనీ మనుషులు వచ్చి, ఎన్ని ఉద్యోగాలో, ఎంత జీతమో ఆ దంతవైద్యుడి ముందు, ఆ రిటైరైన టీచరు ముందు చెప్పుకోవాలి. కంపెనీలకు మరీ ఎక్కువ దోచిపెడుతోందన్న విమర్శలు వచ్చి, 2022 చివరితో ఆ చట్టానికి గడువు ముగిసింది. తర్వాత తెచ్చిన కొత్త చట్టంలోనూ స్కూలు జిల్లా ఆమోదం తప్పనిసరి. ఎంత పెద్ద కంపెనీ అయినా ఊరి ముందుకు రావాల్సిందే. మన దగ్గర కంపెనీ అమరావతికి వెళితే చాలు, ఢిల్లీకి వెళితే చాలు. ఊరికి మిగిలేది శంకుస్థాపన రోజు సభకు జనాన్ని తోలుకెళ్లడం.

సభకు రావాల్సిన మనుషుల్లో చాలామంది ఊళ్లో లేరన్నది నిజమే. మన జిల్లాలో రెండు రకాల వలసలున్నాయి. ఆదోని, కోసిగి, మంత్రాలయం వైపు పల్లెల నుంచి కుటుంబాలకు కుటుంబాలు సుగ్గికి పోతాయి. గుంటూరు మిరప చేలకు, తెలంగాణ పత్తి చేలకు పోయి ఉగాది నాటికి తిరిగొస్తాయి. ఇంకో వలస మాది. ఎన్నికలు వస్తే ఇద్దరికీ కబురొస్తుంది. సుగ్గికి పోయినవాళ్లకు పార్టీలు బస్సులు పెడతాయి, మాకు ఫోన్లు చేసి చందాలడుగుతాయి. ఎన్నికలైపోతే ఇద్దరూ గుర్తుండరు. అందుకే అంటున్నాను, ఏడాదిలో ఒక గ్రామసభ ఉగాది తర్వాత, ఒకటి సంక్రాంతి దినాల్లో పెట్టండి. సుగ్గికి పోయినవాళ్లు ఒకప్పుడు, మాలాంటివాళ్లు ఇంకొకప్పుడు ఊళ్లో ఉండే రోజులవే.

నా తోటి ప్రవాసులకు కూడా ఒక మాట చెప్పాలి. 1977లో న్యూయార్క్‌లో తొలి తెలుగు మహాసభ జరిగిన నాటి నుంచి మనం ఎన్నో సంఘాలు పెట్టుకున్నాం. వాటిలో కులాల గీతలు కూడా గీసుకున్నాం. మహాసభలకు మంత్రులను పిలిచి శాలువాలు కప్పుతున్నాం. 2024లో గుంటూరు నుంచి గెలిచి కేంద్రంలో సహాయ మంత్రి అయిన పెమ్మసాని చంద్రశేఖర్ లాంటివారిని చూసి, డాలర్లు సంపాదిస్తే నేరుగా పార్లమెంటుకు వెళ్లొచ్చన్న ఆశ కొందరిలో పుట్టింది. ఆ సమర్థత అందరికీ ఉండదు, ఉండాల్సిన అవసరమూ లేదు. ఎమ్మెల్యే టికెట్ల కోసం, ర్యాలీల కోసం పంపే డబ్బులో పదో వంతు ఊరి సచివాలయంలో లెక్కల కాగితం అచ్చు వేయించడానికి, గ్రామసభ తీర్మానాలు గోడ మీద రాయించడానికి పంపితే అంతకన్నా మేలు ఇంకొకటి ఉండదు.

భారత పాస్‌పోర్టు ఉన్న ప్రవాసికి 2010 చట్ట సవరణ ఓటు హక్కిచ్చింది. ఫారం 6ఏ నింపి నమోదు చేసుకోవచ్చు. ఓటు మాత్రం ఊరికొచ్చి వేయాలి. 2024 లోక్‌సభ ఎన్నికలకు దేశం మొత్తమ్మీద నమోదైన ప్రవాస ఓటర్లు 1.19 లక్షలు. వచ్చి ఓటేసినవారు మూడు వేల లోపు, అందులో అత్యధికులు కేరళవారే. రెండు రాష్ట్రాల రాజకీయాల మీద రాత్రింబవళ్లు కొట్లాడుకునే మన తెలుగువాళ్లకు ఈ అంకె ఆలోచన పుట్టించాలి. నాలాగా అమెరికా పౌరసత్వం తీసుకున్నవాళ్లకు ఇక్కడ ఓటు లేదు. గ్రామసభలో సభ్యత్వమూ లేదు. గోడకానుకుని కూర్చుని వినొచ్చు. మన అక్కచెల్లెళ్లను, వదినలను సభకు వెళ్లమని, అడగమని వెన్ను తట్టొచ్చు.

అమెరికాలో ఓటున్నవారు మీ స్కూల్ బోర్డు ఎన్నికకు ఓటేయండి. వీసా మీద ఉన్నవారు ఓటు లేదని ఆగిపోకండి, వెళ్లి మీ మూడు నిమిషాలు మాట్లాడండి. ఈసారి ఊరికి వచ్చేటప్పుడు విమానం టికెట్ కొనే ముందు మీ పంచాయతీ కార్యదర్శికి ఫోన్ చేసి గ్రామసభ ఎప్పుడని అడగండి. తేదీ చెప్పలేకపోతే, చెప్పేదాకా అడగండి. ఆ తేదీకి రండి.